మెట్లు ఎక్కలేని పిల్లకి ఎంపీసీ ఎందుకు అంటున్నారు, ఏం చేయాలి?

అన్నయ్య గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీది ప్రకాశం జిల్లాలో మండల కేంద్రానికి 6 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు. అమ్మాయికి పుట్టుకతో సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడులో లోపం వల్ల కండరాలు అదుపులో ఉండని స్థితి. కాళ్లు రెండూ బిగుసుకుని ఉంటాయి, వాకర్ పట్టుకుని నడుస్తుంది. కుడి చెయ్యి వణుకుతుంది, మాట కొంచెం ముద్దగా వస్తుంది. పదో తరగతి 471 మార్కులతో పాసై, ఎంపీసీ చదువుతానంటోంది. కాలేజీకి తీసుకెళ్తే "క్లాసులు, ల్యాబులు పైన ఉన్నాయండీ, ఈ అమ్మాయి ఎక్కలేదు. ఓపెన్ ఇంటర్ కట్టించండి, లేకపోతే వేరే గ్రూపు చూసుకోండి" అన్నారు. ఇంట్లో పెద్దవాళ్లు "పెన్షన్ వస్తోంది కదా, పిల్లని ఎందుకు కష్టపెట్టడం" అంటున్నారు. చివర్లో మీరు అడిగింది ఒక్క మాట: మేం ఇలా ఆశపడటం తప్పా?

తప్పు కాదు. రెగ్యులర్ కాలేజీలోనే, తను అడిగిన ఎంపీసీలోనే చేర్పించండి. ఎలాగో కింద వివరంగా రాస్తాను. కొంచెం పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నాకు ఏడాదిన్నర వయసులో పోలియో వచ్చింది. కుడికాలికి క్యాలిపర్, అంటే ఊతంగా కట్టే చట్రం, వేసుకుని బడికెళ్లాను, కాలేజీకెళ్లాను, ఉద్యోగం చేస్తున్నాను. 24 ఏళ్లుగా పని కూడా వికలాంగ పిల్లలతోనే. మొదట ఒక స్వచ్ఛంద సంస్థలో చేశాను, తర్వాత ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో టీచరుగా. మీ అమ్మాయి లాంటి పిల్లలు పదో తరగతి వరకు ఎలాగో నెట్టుకొచ్చి, సరిగ్గా ఇంటర్ గుమ్మం దగ్గర ఆగిపోవడం చాలాసార్లు చూశాను. బడిలో ఉన్నంతకాలం భవిత కేంద్రం టీచరు వస్తుంది, వారానికోసారి ఫిజియోథెరపిస్టు వస్తాడు, ఊళ్లో హెడ్మాస్టరు తెలిసినవాడే అయి ఉంటాడు. ఇంటర్‌కి వెళ్లేసరికి ఈ మనుషులెవ్వరూ ఉండరు. పిల్ల అదే పిల్ల, తెలివి అదే తెలివి. చుట్టూ ఉన్న ఏర్పాటు ఒక్కటే మాయమైపోతుంది. మనం దాన్ని మళ్లీ కట్టుకోవాలి.

"ఈ గ్రూపు నీకు కుదరదు" అన్న మాట కొత్తదేం కాదు. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్‌కి చూపు లేదని అప్పట్లో ఇంటర్‌లో సైన్స్ గ్రూపు ఇవ్వం అన్నారు. ఆయన కోర్టుకి వెళ్లి సీటు తెచ్చుకున్నారు. 98 శాతం మార్కులు తెచ్చుకుని, అమెరికాలో ఎంఐటీలో చదివి, తిరిగొచ్చి 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టారు. అందరూ ఆ మార్కుల గురించీ ఎంఐటీ గురించీ చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ కోర్టు కాగితమే గుర్తుంటుంది. అప్పటికి ఇప్పుడున్న చట్టం లేదు. మీకు ఇప్పుడుంది. కోర్టు దాకా వెళ్లకుండానే మీ పని అయ్యే అవకాశాలు చాలా ఉన్నాయి.

ముందు ఇంట్లో ఒక పని చేయండి. ఒక తెల్లకాగితం తీసుకుని అమ్మాయి పక్కన కూర్చోండి. పొద్దున లేచినప్పటి నుంచి సాయంత్రం ఇంటికొచ్చేదాకా కాలేజీ రోజు ఎలా గడుస్తుందో తననే చెప్పమనండి. ఎక్కడెక్కడ ఆగిపోతుందో ఒక్కొక్కటే రాయండి. ఆటో ఎక్కడం, గేటు నుంచి గది దాకా నడక, మెట్లు, బెంచీ, నోట్సు, బాత్రూం, ల్యాబు, పరీక్ష. మీరు ఊహించి రాయొద్దు, తను చెప్పిందే రాయండి. మాట ముద్దగా వస్తుందని మధ్యలో మీరు అందుకుని పూర్తిచేయకండి. కాస్త ఆలస్యమైనా తన మాట తననే ముగించనివ్వండి.

ఈ కాగితం ఎందుకంటే, కాలేజీకి వెళ్లి "మా అమ్మాయి వికలాంగురాలు, కాస్త దయచూడండి" అంటే వాళ్లకి ఏం చేయాలో తెలియదు. ఏం చేయాలో తెలియనివాళ్లు భయపడతారు, భయపడి కుదరదంటారు. నా అనుభవంలో కుదరదన్న ప్రిన్సిపాళ్లలో చెడ్డవాళ్లు తక్కువ, టెన్షన్ పడినవాళ్లే ఎక్కువ. అదే "సార్, ఫస్టియర్ ఎంపీసీ క్లాసు కింద గదిలోకి మార్చండి, బాత్రూంలో ఒక కమోడ్, రెండు రాడ్లు పెట్టించండి" అని అడిగితే అది చేయదగ్గ పని అవుతుంది. ఒకటి రెండు కాకపోయినా మిగతావి అవుతాయి. 24 ఏళ్లలో నేను నేర్చుకున్నది ఇదే. ఎంత చిన్నగా, ఎంత స్పష్టంగా అడిగితే అంత త్వరగా పని జరుగుతుంది.

ఇప్పుడు ఆ కాగితం మీద తప్పకుండా ఉండాల్సినవి చెప్తాను. అన్నిటికంటే ముందు బాత్రూం. మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. తండ్రులు రాసే ఉత్తరాల్లో ఉండదు, అమ్మాయిలు నోరు తెరిచి చెప్పరు. నేను ఇంటర్ చదివిన కాలేజీలో ఆడపిల్లల బాత్రూం వెనకాల గుంటలో ఉండేది. నాలుగు మెట్లు దిగాలి, పట్టుకోవడానికి ఏమీ లేదు, లోపల నేలంతా పాచి. క్యాలిపర్ వేసుకున్న కాలు వంగదు, కింద కూర్చునే రకం మీద కూర్చోలేను. ఒకసారి జారి పడ్డాక మళ్లీ వెళ్లలేదు. పొద్దున ఏడింటికి గుక్కెడు కాఫీ తాగితే, సాయంత్రం ఐదున్నరకి ఇంటికొచ్చేదాకా చుక్క నీళ్లు తాగేదాన్ని కాదు. రెండేళ్లు అలాగే గడిచింది. సెకండియర్ చివర్లో చలిజ్వరం, నడుములో విపరీతమైన నొప్పి వచ్చి ఆసుపత్రిలో పడితే, కిడ్నీకి ఇన్ఫెక్షన్ పాకిందని చెప్పారు. ప్రాక్టికల్స్‌కి వారం ముందు ఆ సంగతి. మా అమ్మ ఎంత ఏడ్చిందో. "నాకు ఒక్క ముక్క చెప్పి ఉంటే" అని ఇప్పటికీ అంటుంది.

అందుకే ఏ ఆడపిల్ల తల్లిదండ్రులు వచ్చినా నేను అడిగే మొదటి ప్రశ్న "కాలేజీలో నీళ్లు తాగుతోందా?" అని. ఈ మాట మీరు కాకుండా వాళ్లమ్మ అడిగితే మేలు. కావలసిందేమీ పెద్దది కాదు. కింది అంతస్తులో ఒక్క బాత్రూం, అందులో కమోడ్, పక్క గోడకి ఒకటి, వెనక గోడకి ఒకటి గట్టిగా బిగించిన స్టీల్ రాడ్లు. తలుపు బయటికి తెరుచుకోవాలి, లోపలికి తెరుచుకుంటే వాకర్‌తో లోపల తిరగడానికి చోటుండదు, లోపల పడిపోయినా తలుపు తీయలేరు. తలుపు వెడల్పు మూడడుగులు ఉండాలి. గడప ఉండకూడదు. నేల గరుకు టైలు అయితే మంచిది. ఉన్న బాత్రూంలోనే ఈ మార్పులు చేయొచ్చు. మేస్త్రీ, ప్లంబర్ కలిసి రెండు మూడు రోజుల్లో చేసేస్తారు. కాలేజీకి నిధులు లేవంటే ఊళ్లో పూర్వ విద్యార్థులు ఇచ్చిన సందర్భాలు నాకు తెలుసు. గుడికి ట్యూబులైటు ఇచ్చి పేరు రాయించుకునే ఊళ్లలో బాత్రూం రాడ్లకి డబ్బు దొరకదంటే నేను నమ్మను. అడిగేవాళ్లు కావాలి.

తర్వాత గది. క్లాసు పైనుంచి కిందికి మార్చడానికి పైసా ఖర్చు లేదు, టైంటేబుల్ కాగితం మీద ఒక్క గీత చాలు. "మీ అమ్మాయి ఒక్కదాని కోసం అందరినీ కదిలించాలా?" అనొచ్చు. అవును, కదిలించాలి. మిగతా 60 మందికి కింద కూర్చుంటే పోయేదేమీ లేదు, ఈ అమ్మాయికి పైన క్లాసు పెడితే చదువే పోతుంది. మెట్ల మీద మోసుకెళ్తామని తోటిపిల్లలు ముందుకొస్తారు, మంచి పిల్లలు, వాళ్ల మనసుకి దండం పెట్టొచ్చు. కానీ ఒప్పుకోకండి. పదహారేళ్ల ఆడపిల్లని రోజూ నలుగురు ఎత్తుకెళ్లడం తనకి ఎలా ఉంటుందో ఆలోచించండి. పైగా ఎవరైనా ఒక్కరు కాలు జారితే అందరూ పడతారు.

ర్యాంపు సంగతి. కాలేజీ వరండా నేల కంటే రెండడుగుల ఎత్తులో ఉందనుకుందాం. సిమెంటు పోసేవాళ్లు మెట్ల పక్కన ఆరడుగుల వాలు పోసి ర్యాంపు అంటారు. దాని మీద వాకర్ నిలవదు, వీల్‌చైర్ వెనక్కి పడుతుంది. లెక్క చాలా సులువు: ఒక అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు. రెండడుగులకి 24 అడుగులు. చోటు లేకపోతే మధ్యలో మలుపు తిప్పి పోయొచ్చు. పక్కన పట్టుకోవడానికి పైపు ఉండాలి. మరో మాట, ర్యాంపు కట్టాక దాని ముందు బైకులు పెట్టకుండా చూడాలి. ఒక ఆఫీసులో ర్యాంపు నిండా బైకులుంటే, నేను మెట్ల రెయిలింగు పట్టుకుని ఎక్కాను. లోపల పని అయ్యాక ఆ బైకులు ఎవరివో అడిగితే అక్కడి స్టాఫువే. వాళ్లకి కోపం కూడా రాలేదు, "ఎవరూ రారు కదమ్మా, ఖాళీగా ఉందని పెట్టాం" అన్నారు. ఎవరూ రాకపోవడానికి కారణం ఆ బైకులే అని చెప్పి, తీయించి వచ్చాను.

ఇక మీ అమ్మాయి నడక గురించి ఒక మాట, మీకు నచ్చకపోవచ్చు. వాకర్‌తో నడిపిస్తేనే కాళ్లు బాగుపడతాయని, వీల్‌చైర్ ఎక్కితే ఇక నడవదని చాలామంది తల్లిదండ్రులు పట్టుబడతారు. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లకి మామూలు మనిషి కంటే నడకకి ఎంతో ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. పైగా ఈ వయసులో ఎముకలు పొడుగు పెరుగుతాయి, బిగుసుకున్న కండరాలు అంత పెరగవు, అందుకే చిన్నప్పటి కంటే ఇప్పుడు నడక కష్టమైనట్టు అనిపిస్తుంది. గేటు దగ్గర్నుంచి క్లాసుకి నడిచి వచ్చేసరికి చెమటలు పట్టి, అలిసిపోయి, మొదటి పీరియడ్ లెక్కలు ఎక్కక కూర్చుంటుంది. దూరానికి వీల్‌చైర్, గదిలో, ఇంట్లో వాకర్. రెండూ ఉండాలి. వీల్‌చైర్ వాడటం ఓడిపోవడం కాదు, ఆ శక్తిని చదువుకి దాచుకోవడం. ఉపకరణాల క్యాంపులు పెట్టినప్పుడు కేంద్ర ప్రభుత్వ పథకం కింద, కాన్పూర్‌లోని ఆలింకో సంస్థ తయారుచేసేవి ఉచితంగా ఇస్తారు. కొలతలు తీసుకుని ఇచ్చేది అడగండి. పెద్దవాళ్ల కుర్చీలో చిన్న పిల్ల కూర్చుంటే వెన్ను పక్కకి ఒరుగుతుంది. కండరాలు సాగదీసే వ్యాయామాలు మాత్రం రోజూ మానకూడదు, సెలవు రోజైనా సరే.

ల్యాబు దగ్గరే కాలేజీవాళ్లు ఎక్కువ భయపడతారు. "యాసిడ్లండీ, చెయ్యి వణుకుతుంది, ఏదైనా అయితే ఎవరు జవాబుదారీ" అంటారు. ఆ భయంలో నిజముంది, దాన్ని కొట్టిపారేయకండి. పరిష్కారం ల్యాబు మానేయడం కాదు, ఇంకొకరి చేతులు పక్కన పెట్టడం. నేను దగ్గరుండి చూసిన ఒక కుర్రాడి సంగతి చెప్తాను. వాడికీ సెరిబ్రల్ పాల్సీనే. కెమిస్ట్రీలో టైట్రేషన్ చేయాలి, అంటే బ్యూరెట్ అనే గాజు గొట్టంలోంచి ద్రావణాన్ని చుక్కలుగా వదులుతూ రంగు మారేదాకా చూసే ప్రయోగం. బ్యూరెట్ స్టాండుని ఎత్తు బల్ల మీంచి తీసి, మామూలు కుర్చీలో కూర్చుంటే అందే బల్ల మీద పెట్టారు. ల్యాబ్ అసిస్టెంట్ పక్కన నిలబడ్డాడు. వీడు "తిప్పండి... ఇంకొంచెం... చుక్క చుక్కగా... ఆపండి" అంటుంటే ఆయన తిప్పాడు. రంగు మారిన క్షణం కనిపెట్టింది వీడే. రీడింగు చూసింది వీడే, లెక్క కట్టింది వీడే. ఫిజిక్స్‌లో వెర్నియర్ కాలిపర్స్ అనే కొలత పరికరం కూడా అంతే, పట్టుకున్నది అసిస్టెంట్, స్కేలు చదివింది వాడు. ఆ రోజు వాడు ఇంటికెళ్తూ ఆటోలో ఆ రంగు గురించే మాట్లాడాడు. లేత గులాబీ రంగు, ఊదితే పోయేంత లేతగా ఉందట.

పరీక్షల విషయంలో మీకు మంచి ఆధారం ఉంది. 2018 ఆగస్టులో కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో, సెరిబ్రల్ పాల్సీ ఉన్న అభ్యర్థి కోరుకుంటే చాలు, రాసిపెట్టే మనిషిని, అంటే స్క్రైబ్‌ని గానీ, ల్యాబ్ అసిస్టెంట్‌ని గానీ ఇవ్వాలన్నారు. గంటకి కనీసం 20 నిమిషాల అదనపు సమయం. మూడు గంటల పేపరుకి మరో గంట అన్నమాట. ఇంటర్ బోర్డు తన నిబంధనలు తను ఇస్తుంది కాబట్టి ప్రిన్సిపాల్ ద్వారా దరఖాస్తు పెట్టాలి. ఫిబ్రవరి దాకా ఆగొద్దు. మొదటి ఏడాది మొదట్లోనే కాగితం ఇచ్చేయండి. స్క్రైబ్‌కి చెప్పి రాయించడం కూడా ఒక విద్యే. సమీకరణాలు నోటితో చెప్పడం, ఎక్కడ బ్రాకెట్ ముగుస్తుందో చెప్పడం, గ్రాఫు ఎలా గీయాలో చెప్పడం ఆర్నెల్లు అలవాటు చేస్తే గానీ రాదు. పైగా మీ అమ్మాయి మాట ముద్దగా వస్తుంది కాబట్టి, కొత్త మనిషికి అర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పడం ఇప్పటి నుంచే వీధిలో పిల్లలతో చేయించండి. ప్రతి యూనిట్ టెస్టూ అలాగే రాయించమని లెక్చరర్లని అడగండి. ఎడమ చేత్తో ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో టైపు చేయగలిగితే అది కూడా నేర్పించండి, తర్వాత ఉద్యోగంలో పనికొస్తుంది.

(ఇది చదివే కాలేజీ లెక్చరర్లకి ఒక మనవి. చూపు లేని విద్యార్థులకి మీరు పంపే తెలుగు నోట్సు అను లాంటి పాత పద్ధతి ఫాంట్లలో టైపు చేయిస్తే, ఫోన్‌లో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కి అందులో అక్షరం అర్థం కాదు, పిచ్చి గుర్తులు చదువుతుంది. ఫోన్లలో, ఇంటర్నెట్‌లో వాడే యూనికోడ్‌లో టైపు చేయించండి. కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా దాన్ని చక్కగా చదివేస్తుంది. మీకు పెద్ద తేడా ఉండదు, వాళ్లకి అది చదువుకీ చదవలేకపోవడానికీ ఉన్న తేడా.)

ఇప్పుడు చట్టం. 2016 వికలాంగుల హక్కుల చట్టం, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. పాత 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలుంటే ఇందులో 21 ఉన్నాయి, సెరిబ్రల్ పాల్సీ అందులో ఒకటి. మీకు పనికొచ్చే సెక్షన్లు రెండు గుర్తుపెట్టుకోండి. 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ గుర్తింపు గానీ నిధులు గానీ ఉన్న ప్రతి విద్యాసంస్థ వివక్ష లేకుండా చేర్చుకోవాలి, భవనం, ఆవరణ అందుబాటులో ఉంచాలి, ఆ విద్యార్థి అవసరాన్ని బట్టి తగిన ఏర్పాట్లు చేయాలి. ప్రైవేటు జూనియర్ కాలేజీకి బోర్డు గుర్తింపు ఉంటే దానికీ ఇది వర్తిస్తుంది. 31వ సెక్షన్ ప్రకారం 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు. మీ అమ్మాయికి పదహారే. 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా భవనాలు, సేవలు వికలాంగులకి అందుబాటులో ఉండటం అన్నది సలహాలతో సరిపెట్టే విషయం కాదు, తప్పనిసరి ప్రమాణాలు పెట్టాల్సిందే అని తీర్పు చెప్పింది. ఆ కేసులో కోర్టు చూసిన నివేదిక మన హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రం తయారుచేసిందే.

అయితే మొదటి రోజే చట్టం పుస్తకం బల్ల మీద పెట్టకండి. రెండేళ్లు మీ బిడ్డ ఆ మనుషుల మధ్యే చదువుకోవాలి. మొదటిసారి మాట్లాడండి, మంచిగా, కాగితం చేతిలో పెట్టుకుని. రెండోసారి అదే మాట రాతపూర్వకంగా ఇచ్చి, జిరాక్స్ కాపీ మీద సంతకం, స్టాంపు తీసుకోండి. కుదరదంటే ఎందుకు కుదరదో రాసివ్వమనండి. ఇక్కడే కాలేజీవాళ్లలో సగం మంది వెనక్కి తగ్గుతారు. నోటితో కాదనడం తేలిక, కాగితం మీద కాదనడం కష్టం. అప్పటికీ కాకపోతే సోమవారం ఒంగోలు కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టండి. తెలంగాణలో అయితే ప్రజావాణి. అర్జీ కాపీ ఒకటి విభిన్న ప్రతిభావంతుల (వికలాంగుల) సంక్షేమ శాఖ అసిస్టెంట్ డైరెక్టర్‌కి ఇవ్వండి. ఆపైన రాష్ట్ర వికలాంగుల కమిషనర్ ఉన్నారు, సివిల్ కోర్టులా సమన్లు పంపే అధికారం ఉంది. అర్జీకి అమ్మాయిని తీసుకెళ్లండి. జాలి కోసం కాదు, అడిగేది తనే కాబట్టి.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. సదరం సర్టిఫికెట్, అంటే వైకల్య ధ్రువపత్రం, ఉందన్నారు, వికలాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ కూడా వచ్చిందో లేదో గ్రామ సచివాలయంలో చూపించుకోండి. పరీక్షలకీ స్కాలర్‌షిప్పులకీ ఇప్పుడు దాన్నే అడుగుతున్నారు. పుట్టినప్పటి ఆసుపత్రి కాగితాలు, ఫిజియోథెరపీ చీటీలు పారేయకండి, 2025లో ఏపీలో పెన్షన్ సర్టిఫికెట్లు మళ్లీ పరిశీలించినప్పుడు పాత కాగితాలు లేక ఇబ్బంది పడినవాళ్లని చూశాను. నిరామయ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి ఆరోగ్య బీమా ఉంది, సెరిబ్రల్ పాల్సీ వాళ్లకి ఏడాదికి లక్ష రూపాయల వరకు. థెరపీ ఖర్చు కూడా అందులో వస్తుంది. తప్పకుండా చేయించండి.

పెన్షన్ గురించి పెద్దవాళ్ల భయం నాకు అర్థమవుతుంది. మన రాష్ట్రంలో 2024 జులై నుంచి నెలకి 6,000, తెలంగాణలో 4,016. పేదింట్లో అది చిన్న డబ్బు కాదు. కాలేజీకి వెళ్తే పెన్షన్ ఆగిపోదు, ఈ మాట మీ అమ్మగారికి గట్టిగా చెప్పండి. ఇంకో విషయం. మంచానికో వీల్‌చైర్‌కో పూర్తిగా పరిమితమైనవాళ్లకి 15,000 ఇస్తున్నారు కదా, "నడవలేదని రాయించండి, ఎక్కువ వస్తుంది" అని సలహా ఇచ్చేవాళ్లు తగులుతారు. వినకండి. లేని వైకల్యం కాగితం మీదికి ఎక్కితే రేపు ఇంజనీరింగ్ సీటు దగ్గరో ఉద్యోగం దగ్గరో ఆ కాగితమే అడ్డం నిలబడుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, తన గురించి నాన్న అబద్ధం రాయించాడని పిల్లకి తెలుస్తుంది.

పద్దెనిమిది నిండగానే "సెరిబ్రల్ పాల్సీ కదా, గార్డియన్‌షిప్ తీసుకోండి, లేకపోతే బ్యాంకు పని కాదు" అని ఎవరో ఒకరు చెప్తారు. కలెక్టర్ అధ్యక్షతన ఉండే కమిటీ ఇచ్చే ఆ గార్డియన్‌షిప్, సొంతంగా నిర్ణయాలు తీసుకోలేని స్థితిలో ఉన్నవాళ్ల కోసం. 471 మార్కులు తెచ్చుకుని, ఏ గ్రూపు కావాలో తనే చెప్పిన పిల్లకి అది అక్కర్లేదు. మాట తడబడితే బుద్ధి తడబడినట్టు కాదు. సంతకం కుదరకపోతే వేలిముద్రతో ఖాతా తీయొచ్చు. తన పేరు మీద ఇప్పుడే ఖాతా తెరిచి, పెన్షన్‌లో వెయ్యో రెండు వేలో తన చేతికే ఇచ్చి, తననే ఖర్చు చూసుకోనివ్వండి.

బంధువుల మాటలు మీకు నొప్పి కలిగించాయని రాశారు. వరంగల్ జిల్లా కల్లెడకి చెందిన జీవాంజి దీప్తి పేరు వినే ఉంటారు. చిన్నప్పుడు ఊళ్లో వాళ్లు ఆ పిల్లని ఎన్ని మాటలన్నారో వాళ్లమ్మానాన్నలే చెప్పుకున్నారు. 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి, మేధో వైకల్యం ఉన్నవాళ్ల విభాగంలో ప్రపంచ రికార్డు కొట్టింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం. దీప్తి పేరు చెప్పి మీ అమ్మాయిని కూడా పతకం తెమ్మని నేను అనను. వికలాంగులంతా ఏదో ఒక అద్భుతం చేస్తేనే గౌరవం దక్కాలనడం అన్యాయం. మామూలు మార్కులతో ఇంటర్ పాసై, మామూలు ఉద్యోగం చేసుకునే హక్కు మీ అమ్మాయికి ఉండాలి, మిగతా పిల్లలకి ఉన్నట్టే. దీప్తి సంగతి ఎందుకు చెప్పానంటే, ఆ పిల్ల పరుగుని ఒక కోచ్ చూసి, ఏ పోటీల్లో నిలబెట్టాలో తెలుసుకుని తీసుకెళ్లాడు. మీ అమ్మాయి దగ్గర ఏముందో చూసేవాళ్లు కాలేజీలో దొరకొచ్చు. ఇంట్లో కూర్చుంటే దొరకరు.

తర్వాతి దారి గురించి ఇప్పుడే ఎక్కువ ఆలోచించొద్దు. తెలిసి ఉండటానికి మాత్రం చెప్తున్నాను. ఉన్నత విద్యలో ప్రభుత్వ, ఎయిడెడ్ సంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఈ చట్టంలోనే ఉన్నాయి. సెరిబ్రల్ పాల్సీ కదలికల వైకల్యం వాటాలో వస్తుంది.

చివరగా, కాలేజీకి ఇచ్చే ఉత్తరం. ఇది మీరు రాయకండి, తన పేరు మీద, తన మాటల్లో ఉండాలి. నా దగ్గరికొచ్చిన పిల్లలకి నేను ఇచ్చే నమూనా ఇది, మార్చుకోండి:

"ప్రిన్సిపాల్ గారికి నమస్కారాలు. నేను పదో తరగతి 471 మార్కులతో పాసయ్యాను. మీ కాలేజీలో ఎంపీసీ చదవాలనుకుంటున్నాను. నాకు సెరిబ్రల్ పాల్సీ ఉంది. నేను వాకర్‌తో నడుస్తాను, మెట్లు ఎక్కలేను, వేగంగా రాయలేను. చదవడం, వినడం, లెక్కలు చేయడం నాకు ఏ ఇబ్బందీ లేదు. నాకు కావలసినవి: మా సెక్షన్ క్లాసు కింది అంతస్తులో. కింద ఒక బాత్రూంలో కమోడ్, పట్టుకునే రాడ్లు. ల్యాబులో కూర్చుని చేయడానికి ఒక మామూలు బల్ల, ఒక సహాయకుడు. పరీక్షల్లో స్క్రైబ్, గంటకి 20 నిమిషాల అదనపు సమయం. 2016 వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఈ ఏర్పాట్లు కోరుతున్నాను. ఇందులో ఏదైనా వెంటనే కుదరకపోతే, ఎప్పటికి కుదురుతుందో రాసి ఇవ్వగలరు. కలిసి మాట్లాడటానికి ఎప్పుడు రమ్మన్నా వస్తాను."

కింద సంతకం తననే పెట్టమనండి. వంకరగా వచ్చినా పర్వాలేదు. రెండు కాపీలు తీసుకెళ్లండి. ప్రిన్సిపాల్ ఏమన్నారో ఇక్కడే రాయండి, తర్వాత ఏం చేయాలో చెప్తాను.